తొమ్మిదంగుళాల పొడిగింపు

మా ఊళ్లో జనం పదకొండు రోజులు కాలినడకన తిరిగారనీ, దానికంతటికీ కారణం మా ఆయన స్టీరింగుకి వేసిన తొమ్మిదంగుళాల కడ్డీ అనీ పేపర్లో రాశారు. పచ్చి అబద్ధం. కడ్డీ ఏ పాపమూ ఎరగదు. అది బిగించినచోట బిగించినట్టే ఉంది, ఇప్పటికీ వెంట్రుకవాసి కదల్లేదు. కదిలింది ఆఫీసు. ఆఫీసు కదిలితే ఎలా ఉంటుందో మా ఊరివాళ్లకి అంతకు ముందు అనుభవం లేదు గనక కొంచెం కంగారు పడ్డారు, అంతే.

నా పేరు సత్యవాణి. మా ఆయన దాసోజు కామేశ్వరాచారి, ఇనుముని గిర్రున తిప్పుతూ చెక్కే లేతు మిషను మీద ముప్పై ఏళ్ల పనివాడు. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల లారీ షెడ్లలో ఆయన మిషను ఉంది. ఆచారి గారు తిప్పిన షాఫ్టు అంటే గోదావరికి రెండు పక్కలా పేరు. నాలుగేళ్ల కిందట జాకీ జారి, లారీ వచ్చి ఆయన ఎడమ మోకాలి మీద కూర్చుంది. డాక్టర్లు కోసి, లోపల పలక వేసి, కుట్టి, ఇక ఈ జన్మలో ఈ మోకాలు వంగదని చెప్పేశారు. అప్పట్నించీ ఆ కాలు ముందుకి చాచే ఉంటుంది.

చాచిన కాలుతో ఆటో ఎక్కితే మనిషి ఆటోలో ఉంటాడు, కాలు రోడ్డు మీద ఉంటుంది. బస్సెక్కితే వచ్చేవాడూ పోయేవాడూ దాన్ని తొక్కుతారు, తొక్కి మళ్లీ ఈయన్నే తిడతారు. స్కూటరు సంగతి సరేసరి. అలా నాలుగేళ్లు వీధి అరుగు మీద ఉండిపోయాడు. పొద్దస్తమానం మగవాడు అరుగు మీద ఉంటే ఇల్లాలికి ఎంత సుఖమో వేరే చెప్పాలా! పప్పులో ఉప్పు దగ్గర్నించి పక్కింటి గేటు కీచుమనడం దాకా అన్నింటికీ ఆయనే ఇంజనీరు. నేను విసుక్కునేదాన్నే గాని, సాయంత్రం పూట రోడ్డు మీద ఏదైనా బండి పోతుంటే చెవి అటు పెట్టి "దాని బేరింగు పోయింది" అని తనలో తను గొణుక్కుంటుంటే మాత్రం విసుగు మానేసి గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చేదాన్ని.

ఉగాది వెళ్లాక ఒకరోజు శిష్యుడు అబ్బులు వచ్చాడు. అరుగు కింద నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"గురువుగారూ, సెడ్డు ఓనరు ఊరుకోట్లేదండి. శ్రావణం మొదటి రోజుకి మీరొచ్చి మిషను కాడ నిలబడకపోతే ఆ జాగా ఇంకోళ్లకి ఇచ్చేత్తాడంటండి. రోజూ నేనొచ్చి మిమ్మల్ని ఎలాగోలాగ తీసుకెళ్తానండి, ఆయ్."

"ఎవడో ఒకడు మోసుకెళ్తే వచ్చేదాన్ని సామానంటార్రా, పనివాడనరు" అన్నాడు మా ఆయన. "నా అంతట నేనే వస్తాను. ఓనరుతో చెప్పు."

ఎలా వస్తాడో అబ్బులు అడగలేదు. నేను అడిగాను. దానికి జవాబుగా నెల తిరక్కుండా మా ఇంటికి ఏడు పెట్టెలు వచ్చాయి. ఇంట్లోనే బిగించుకునే కారట. ఒక పెట్టెలో చట్రం గొట్టాలు, ఒక దాంట్లో చక్రాలు, ఇంకో దాంట్లో ఫైబరు తొడుగు, అన్నిటి మీదా ఒక పుస్తకం. ఇంజను పాత వ్యానుది అబ్బులు తెచ్చాడు. సీట్లు రెండే. మా సావిట్లో మంచం ఎక్కడ ఉండేదో అక్కడ బండి తయారవుతుంటే నేను నెలన్నర వంటింట్లో పడుకున్నాను.

అంతా పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. చిక్కల్లా కుడి సీటు దగ్గరే వచ్చింది. కాలు చాపుకోవాలంటే సీటు వెనక్కి జరపాలి. సీటు వెనక్కి జరిపితే చేతులకి స్టీరింగు అందదు. ఆయన సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ గాల్లో పెట్టి, "వాణీ, నా చేతులకీ ఆ చక్రానికీ మధ్య ఎంతుందో అప్పడాల కర్ర పెట్టి చూడు" అన్నాడు.

"టేపు ఉందిగా?"

"టేపు వంగుద్ది. కర్ర వంగదు."

కర్ర మీద మేకుతో గీత గీసి కొలిస్తే తొమ్మిదంగుళాలు తేలింది. ఇంకొకడైతే పెట్టెలో వచ్చిన స్టీరింగు కడ్డీని మధ్యకి కోసి, ముక్క అతికేసి, రంగు పూసేసేవాడు. ఈయన కొత్త ఉక్కు తెప్పించి, కొలతలు రాసిచ్చి అబ్బులు చేత తిప్పించి, కొసలకి పళ్లు తీయించి, ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టి, అడ్డంగా పిన్ను వేసి, మధ్యలో ఊగకుండా బేరింగు మీద ఒక ఆసరా బిగించాడు. మూడుసార్లు విప్పి మూడుసార్లు మళ్లీ బిగించాడు. చివరికి నన్ను పిలిచి ఆ చక్రం పట్టుకుని వేలాడమన్నాడు.

"నేను అరవై రెండు కిలోలున్నానండీ!"

"అందుకే నిన్ను పిలిచాను."

వేలాడాను. కిర్రుమనలేదు. "ఇంజను మొరాయిస్తే బండి ఆగుద్ది వాణీ, స్టీరింగు ఊడితే మనిషే ఆగిపోతాడు. ఇక్కడ మాత్రం దొంగపని చెయ్యకూడదు" అన్నాడు. ఎడమకాలి క్లచ్చిని కూడా గేరు పక్కన చేతికి తెచ్చి పెట్టుకున్నాడు. ఇక ఒక్క ముద్ర పడితే చాలు, రోడ్డెక్కొచ్చు. శ్రావణానికి అప్పటికింకా ఆరువారాలుంది.

బండిని ట్రాక్టరు తొట్టిలో ఎక్కించుకుని రవాణా ఆఫీసుకి వెళ్లాం. అక్కడ ఉమాపతి గారని ఒక గుమస్తా ఉన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు, ముఖం మీద ఈగ వాలినా దరఖాస్తు పెట్టుకోమనే రకం. ఆయన ఫారం తీసి ఒక్కో గడీ నింపుతుంటే, దాపరికం తెలియని మా ఆయన "క్లచ్చి చేతికి మార్చానండి" అని తనే చెప్పేశాడు.

"క్లచ్చికి గడి లేదండి. గడి లేనిది మేము చూడం" అని ఉమాపతి కింది గడికి దిగాడు. "స్టీరింగు కడ్డీకి గడి ఉంది. మీ బండి పుస్తకంలో ఇరవై ఎనిమిది అంగుళాలు. మీది ఎంతండీ?"

"ముప్పై ఏడు."

ఉమాపతి కలం కింద పెట్టేశాడు. చావు కబురు విన్నవాడిలా లేచి అధికారి గదిలోకి వెళ్లాడు.

అధికారి పరంజ్యోతి గారు. లంచం ముట్టరు, వేళ తప్పరు. అలాంటివాళ్లతోనే ప్రమాదం. ఆయన అప్పుడే రాజధానిలో రెండువారాల శిక్షణ పొంది వచ్చి, 'ప్రామాణిక చోదక ఉద్యమం' అని ఒకటి మొదలుపెట్టారు. గోడకి పెద్ద బొమ్మ వేలాడుతోంది. అందులో ఒక మనిషి సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని నవ్వుతున్నాడు. ఒంటినిండా కొలతలే. ఎత్తు అయిదడుగుల మూడుంపావు అంగుళాలు. భుజం నుంచి వేలి కొస దాకా ఇరవై ఏడు. తుంటి నుంచి మోకాలికి ఇరవై రెండుంపావు. రాష్ట్రంలో ఆడా మగా లైసెన్సు ఉన్నవాళ్లందరి కొలతలూ కూడి, తలల లెక్కన భాగిస్తే వచ్చిన మనిషట.

"ఆచారి గారూ, ఈ శాఖ యొక్క దృక్పథం ప్రకారం వాహనము స్థిరము. చోదకుడు అస్థిరుడు. స్థిరమైన దానిని అస్థిరమైన దానికి అనుగుణంగా సవరించుట శాస్త్రవిరుద్ధము, ప్రజాశ్రేయస్సుకు భంగకరము" అన్నారు పరంజ్యోతి గారు.

"అంటే ఏంటండీ?"

"బండి మారదు. మీరు మారాలి."

"బండి బయటే ఉందండి. ఒక్కసారి చూసి, ఆ అతుకు ఎలా ఉందో లాగి చూడండి."

"చూచుట వలన అభిప్రాయం ఏర్పడును" అన్నారాయన భయపడిపోతూ. "అభిప్రాయములకు ఈ కార్యాలయమున తావు లేదు."

వారం తిరక్కుండా మాకు మెమో వచ్చింది. సదరు దరఖాస్తుదారుని చేతులు తొమ్మిదంగుళాలు తక్కువగా ఉన్నట్లు కార్యాలయ దృష్టికి వచ్చినందున, సదరు లోటును భర్తీ చేయుటకు ఆయన ఇంతవరకు తీసుకున్న చర్యలు తెలుపవలెను, లేదా ప్రభుత్వ వైద్యుని నుంచి హస్త కొరత ధ్రువపత్రం దాఖలు చేయవలెను. చదివి మా ఆయన రెండు చేతులూ ముందుకి చాపి చాలాసేపు చూసుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పెద్దాసుపత్రి డాక్టరు కొలిచి, "చేతులు శుభ్రంగా ఉన్నాయి, కొరత ఏమీ లేదు, వంగనిది మోకాలు" అని రాసిచ్చాడు. పరంజ్యోతి గారు అది చదివి సంతోషించారు. చేతులకి కొరత లేదు గనక పొడిగింపు అవసరం లేదని తీర్మానించి దరఖాస్తు కొట్టేశారు. మోకాలి సంగతి ఏమిటని అడిగితే, మోకాలు స్టీరింగు ఫైలులోకి రాదన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే వాళ్లని విన్నాను గాని, ఎద్దు, దూడ వేరువేరు సెక్షన్లంటూ తిప్పి పంపేవాళ్లని అక్కడే చూశాను.

అప్పట్నించీ నేను రోజూ ఆఫీసు వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాను. మా ఆయనకి అరుగు, నాకు వరండా. నాలుగోరోజున ఉండబట్టలేక అడిగేశాను.

"అయ్యా, ఆ బొమ్మలో ఉన్నాయన ఎక్కడుంటాడండీ? ఆయన్నే పిలిపించండి. మా బండి నడిపి చూసి, బాగుందో లేదో ఆయన్నే చెప్పమనండి."

వేళాకోళానికి అన్నాను. నా నోరు పడిపోనూ, అదే కొంప ముంచింది. పరంజ్యోతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అమ్మా, ఇది అత్యంత మౌలికమైన ప్రశ్న. ప్రామాణిక వాహనమును పరీక్షించు అర్హత ప్రామాణిక చోదకునికే గలదు. ఇన్నాళ్లుగా ఇక్కడ పరీక్షిస్తున్నది ఎవరు?"

పరీక్షిస్తున్నది ఇన్‌స్పెక్టరు. ఆయన్ని వెంటనే కొలవాలన్నారు. కొలిచే గుమస్తా పోస్టు లేదు గనక, సెంటర్లో ఉండే టైలరు మస్తాన్‌ని దినభత్యం మీద వేసుకున్నారు. మస్తాన్ మెళ్లో టేపుతో వచ్చి, ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకుని, "ఫుల్ హ్యాండాండీ, హాఫ్ హ్యాండాండీ?" అని అడిగాడు. ఇన్‌స్పెక్టరు నాలుగంగుళాలు ఎక్కువొచ్చాడు. ఆఫీసు జీపు డ్రైవరు మూడు ఎక్కువ. పరంజ్యోతి గారు తను కూడా చొక్కా విప్పి నిలబడ్డారు, అంగుళమున్నర తక్కువ తేలారు. ఆయన ముఖం పాలిపోయింది. కాని నియమం నియమమే. తన లైసెన్సు తనే తన చేతికిచ్చుకుని, తన సొరుగులో పెట్టి తాళం వేసి, తనకి తనే రసీదు రాసిచ్చుకున్నారు.

ఆఫీసు వాళ్లకో న్యాయం, ఊరికో న్యాయం ఉండకూడదు గదా! మర్నాటి నుంచి ఊరంతటినీ కొలవడం మొదలెట్టారు. బస్సు డ్రైవర్లు, లారీ డ్రైవర్లు, ఆటోవాళ్లు, కాలేజీకి స్కూటర్ల మీద వెళ్లే పిల్లలు, వరసలో నిలబడి చేతులు చాపడం, మస్తాన్ అంకె అరవడం, ఉమాపతి లైసెన్సు తీసి గోనెసంచిలో పడెయ్యడం. మూడువేల పైచిలుకు మందిని కొలిస్తే ఒక్కడంటే ఒక్కడు బొమ్మతో సరిపోలేదు. పావంగుళం తేడా వచ్చిన ఒక పాలవ్యాను అతను చెయ్యి లోపలికి లాక్కుని చూశాడు, మస్తాన్ ఊరుకోలేదు.

ఊరు ఆగిపోయింది. బస్సులు డిపోలోనే ఉండి, టైము ప్రకారం బయలుదేరినట్టు మైకులో మాత్రం చెప్పేవారు. ఆటోవాళ్లు వెనక సీట్లలో పడుకుని ఒకళ్లనొకళ్లు కిరాయి అడుక్కున్నారు. అంబులెన్సుని నలుగురు మనుషులు తోసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లారు, తొయ్యడానికి లైసెన్సు అక్కర్లేదని ఆఫీసువారు ప్రత్యేకంగా స్పష్టత ఇచ్చారు. పెళ్లికొడుకులు నడిచి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. జనం మొదట తిట్టారు, తర్వాత పిక్కలు నొప్పి పెట్టి తిట్టడం మానేశారు. పదోరోజున రాజధాని నుంచి అభినందన వచ్చింది. పది రోజుల్లో ఒక్క రోడ్డు ప్రమాదమైనా జరగని ఊరు రాష్ట్రంలో ఇదొక్కటేననీ, ఈ విజయాన్ని పరిశీలించడానికి ఉన్నతస్థాయి బృందం వస్తోందనీ.

ఇవన్నీ నాకెందుకు, నా గోల నాది. శ్రావణం రేపనగా అబ్బులు అన్నం మానేసి ఆరు కిలోమీటర్లు నడిచొచ్చాడు. "ఓనరు గొలుసులు తెప్పించాడండి, రేపు మధ్యాన్నానికి మీ మిషను ఎత్తించేత్తాడంటండి" అని చెప్పి ఏడ్చేశాడు. మా ఆయన బండిలోకి ఎక్కి, కాలు చాపుకుని, స్టీరింగు పట్టుకుని సావిట్లోనే కూర్చున్నాడు. నేను చూడలేక సంచీ తీసుకుని ఆఫీసుకి బయలుదేరాను.

వరండాలో మస్తాన్ కుట్టుమిషను కూడా తెచ్చి పెట్టుకున్నాడు. కొలవడానికి మనుషులు అయిపోయి ఖాళీగా ఉన్నాడు. సంచీలో శ్రావణ శుక్రవారానికని కొన్న రవిక గుడ్డ ఉంది. ఎలాగూ కూర్చోవాలి గదా, కొలత తీసుకో నాయనా అన్నాను.

"చెయ్యి చాపమ్మా" అని భుజం మీద టేపు పెట్టి వేలి కొస దాకా లాగాడు.

"మోచేతి దాకా చాలు మస్తాన్. రవిక కుట్టమంటే చొక్కా కుట్టేలా ఉన్నావే!"

"అలవాటైపోయిందమ్మా పదకొండు రోజుల్నించి. ఇరవై ఏడు." అన్నాక ఆగాడు. "ఒక్కసారి తిన్నగా నిలబడమ్మా." ఎత్తు చూశాడు. "మళ్లీ కూకోమ్మా." మోకాలు చూశాడు. తలుపులోంచి గోడ మీది బొమ్మకేసి చూశాడు. టేపు చేతిలోంచి జారి కింద పడింది. "యా అల్లా! సారూ! దొరికిందండీ! మనిషి దొరికిందండీ!"

ఆఫీసు మొత్తం వరండాలోకి వచ్చింది. మూడుసార్లు కొలిచారు. పావులు, అరలతో సహా నేనే. పరంజ్యోతి గారికి కళ్లంట నీళ్లు తిరిగాయి. చేతులు జోడించి, "అమ్మా, ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అన్నారు.

"ఇక్కడే ఉన్నాను బాబూ, మీ వరండాలో" అన్నాను. "అది సరే గాని, నాకు బండి నడపడం రాదండీ."

"అట్లు అనరాదు. ప్రామాణిక చోదకునికి చోదనము రాదనుట ప్రమాణమునే శంకించుట."

ఉమాపతి ఫారం వెతికి, "బండి నడపడం వచ్చునా అనే గడి కూడా లేదండి" అని చెప్పాడు. పదినిమిషాల్లో నా ఫోటో తీసి, లైసెన్సు నా చేతిలో పెట్టారు. మా ఊళ్లో చట్టప్రకారం బండి నడపదగిన మనిషిని ఆ క్షణాన నేనొక్కదాన్నే.

పెట్టిన మరుక్షణం పరంజ్యోతి గారు గడియారం చూసుకున్నారు. రాజధాని బృందం సాయంత్రం రైలుకి దిగుతోంది. స్టేషను నాలుగు కిలోమీటర్లు. విజయాన్ని పరిశీలించడానికి వచ్చిన పెద్దల్ని నడిపించుకు రావడం ఎలా? "అమ్మా, తమరు జీపు ఎక్కవలెను."

నేను సంచీ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. "ఎక్కను. ముందు మా ఆయన ఫైలు మీద ముద్ర పడాలి."

"అది నియమవిరుద్ధము తల్లీ!"

"అయితే నడిపించుకునే తీసుకురండి. పిక్కలకి మంచిదట."

పరంజ్యోతి గారు నిజంగానే బాధపడ్డారు. దొంగ ముద్ర వేసే మనిషి కాదాయన, వేయలేని మనిషి. అప్పుడు ఉమాపతి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మెల్లిగా దగ్గాడు.

"సార్, ఆచారి గారు వెనక్కి జరిపింది కుడి సీటు మాత్రమేనండి. ఎడమ సీటు పుస్తకంలో ఉన్నచోటే ఉంది. పుస్తకంలో ఉన్నచోట ఉన్నదే ప్రామాణిక సీటు. ప్రామాణిక చోదకుడు కూర్చోవలసింది ప్రామాణిక సీట్లో. అందుచేత ఎడమ సీటే చోదక స్థానమండి."

"దాని ముందు స్టీరింగు లేదు గదా?"

"లేదండి. స్టీరింగు లేనిచోట పొడిగింపు లేదు. పొడిగింపు లేనిచోట ఉల్లంఘన లేదండి."

పరంజ్యోతి గారి ముఖం విప్పారింది. "మరి కుడివైపున గుండ్రముగా ఉన్న వస్తువు?"

"ప్రయాణికుడి చేతి ఆసరా అండి. చేతి ఆసరా ఎంత పొడవుండాలో మన నియమాల్లో ఎక్కడా లేదు."

ఆర్డరు రాశారు. సదరు వాహనమునకు శ్రీమతి సత్యవాణి చోదకురాలు. శ్రీ కామేశ్వరాచారి యావజ్జీవ ప్రయాణికుడు. ముద్ర పడింది. నేను వెళ్లి జీపులో ఎడమవైపు కూర్చున్నాను, పాత డ్రైవరు ప్రయాణికుడై నన్ను స్టేషనుకి తీసుకెళ్లాడు. ఆ రాత్రికల్లా అదే ఆర్డరు ఊరంతటికీ వర్తింపజేశారు. ఒక్క మనిషి అన్ని బళ్లలో కూర్చోవడం కుదరదు గనక, ప్రతి బండిలోనూ ఎడమ పక్క నా లైసెన్సు నకలు అంటిస్తే చాలన్నారు. ఇంట్లో బిగించిన బండికి మాత్రం అసలు ప్రతి, అంటే నేను, ఉండి తీరాలి. తెల్లారేసరికి బస్సుల్లో నా ఫోటోకి ఎవరో కుంకుమబొట్లు కూడా పెట్టారు.

శ్రావణం మొదటి రోజు ఉదయం మా బండి వీధిలోకి వచ్చింది. నేను చోదక స్థానంలో, ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆయన పక్కన ప్రయాణికుడు. కాలు హాయిగా చాచుకుని, చేతి ఆసరా పట్టుకుని, హారను రెండుసార్లు కొట్టాడు. కాలవ వంతెన మలుపు దగ్గర నేను తలుపు పట్టుకున్నాను, డ్రైవర్ని కూడా లక్ష్యపెట్టకుండా ఆయన ఒంటిచేత్తో తిప్పేశాడు. నాలుగేళ్లుగా ఆ మనిషి ముఖంలో ఆ నవ్వు లేదు. ఆరు కిలోమీటర్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నేను చిక్కుడుకాయలకి బదులు ఈనెలు గిన్నెలో వేస్తూనే ఉన్నాను.

షెడ్డు దగ్గర గొలుసులు సిద్ధంగా ఉన్నాయి. ఓనరు నోరు తెరిచి చూస్తున్నాడు. మా ఆయన ఎవరి భుజమూ పట్టుకోకుండా దిగి, కాలు ఈడ్చుకుంటూ వెళ్లి మిషను మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే వెనక జీపు ఆగింది. పరంజ్యోతి గారు, ఉమాపతి, రాజధాని పెద్దలు నలుగురూ దిగారు. ఆదర్శ వాహనం చూపించడానికి తీసుకొచ్చారట. వాళ్లలో పెద్దాయన బండి చుట్టూ తిరిగి, ఫైబరు మీద వేలితో తట్టి, "చాలా చక్కగా వచ్చినదే! దీన్ని ఇక్కడిదాకా ఎవరు నడిపారు?" అని అడిగాడు.

పరంజ్యోతి గారు నా వైపు చూశారు. నేను చెప్పబోయాను. ఒక్క మాట, 'నేను' అంటే చాలు, అన్నీ సవ్యంగా ఉంటాయి. కాదంటే బండి ట్రాక్టరు తొట్టిలోకి పోతుంది, మిషను గొలుసుల్లోకి పోతుంది. మా ఆయన మిషను దగ్గర్నించే వెనక్కి తిరిగాడు.

"నేనే నడిపానండి" అన్నాడు.

షెడ్డులో అన్ని మిషన్లూ ఆగిపోయాయి. ఓరి దేవుడో, ఈ మనిషి అబద్ధమాడలేడు, నా కొంప ముంచేశాడురా అనుకున్నాను. అయినా నిజం చెప్పొద్దూ, ఆయన అలా నిలబడి ఆ మాట అంటుంటే నాకు ఎంతో గర్వంగా అనిపించింది. పెద్దాయన కనుబొమ్మలు ముడిచాడు. పరంజ్యోతి గారు ఒక్క క్షణం మాత్రమే తడబడ్డారు. తర్వాత ప్రశాంతంగా ఉమాపతి వైపు తిరిగి చెప్పారు, ఉమాపతి రాసుకున్నాడు.

"ప్రయాణికుడు ఆనందాతిశయమున అవాస్తవము పలికెను. పరిగణించనవసరము లేదు."

పెద్దలు తలలూపారు. నాకు దండ వేసి, ఫోటో తీయించి, జీపెక్కి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లేదాకా మా ఆయన కదల్లేదు. తర్వాత అబ్బులు అందించిన ఇనుము మిషనుకి బిగించి, తల వంచుకుని పని మొదలుపెట్టాడు. ఆయన మాట పరిగణించలేదు గనక నేనే అంటున్నాను. నా మాట కూడా పరిగణించరని తెలుసు. ఆ రోజు బండి నడిపింది మా ఆయనే. ఆరు కిలోమీటర్లూ ఆయనే నడిపాడు.